వెన్నెల చదివిన పేజీ

అట్లయితే ఎట్లవ్వా, నువ్వే చెప్పు. గుడిబండ హైస్కూల్లో ఏడో తరగతిలో చేరి నెలన్నా కాలేదు, అప్పుడే మాన్పిచ్చి గొర్రెల ఎనక తోలితివా? రెండేండ్లు ఈ పెనుకొండ హాస్టల్లో పెట్టుకుని చూసుకుంటిమి కదా నీ మనవరాల్ని. వాళ్లమ్మా నాయనా బెంగళూరికి కూలికి పోతే, బడి మొకం చూడని పదేండ్ల పిల్లను తెచ్చి నా చేతిలో పెడితివి. "వరలక్ష్మి మేడమూ, మా వెన్నెల నీ బిడ్డే అనుకో" అని నువ్వే కదా అన్నింది?

కూకో ముందు. ఎండలో వచ్చినావు. నీళ్లు తాగు.

ఏమీ, మళ్లీ ఈడ చేర్చుకోవల్లనా? కుదరదవ్వా. ఇది బడి మానేసిన, బడికే పోని ఆడపిల్లలకి పెట్టిన బడి. చదవడం రాయడం నేర్పిచ్చి, వాళ్ల వయసుకు తగిన క్లాసులో చేర్చి పంపిచ్చేస్తాము. అంతటితో అయిపాయ. వెన్నెల పేరు ఎదురుగా "కథలు చదవగలదు" అని రాసి పంపినాము. కంప్యూటర్లో కూడా ఎక్కిపోయినాది. చదువొచ్చిన పిల్లకి మళ్లీ చదువు నేర్పిస్తామంటే ఆఫీసులో ఒప్పుకుంటారా?

అసలు ఆ హైస్కూల్లో ఏమి జరిగినాది? సారు పుస్తకమిచ్చి చదవమన్యాడా. ఊఁ. నోరు తెరవకుండా నిలబడినాదా. మూడు దినాలూ అట్లేనా?

క్లాసులో అందరూ నగినారా.

మొద్దు అనొద్దవ్వా, ఆ మాట మాత్రం అనొద్దు. మీ మందలో ఎనభై గొర్రెలుంటే ఏ పిల్ల ఏ తల్లిదో చెప్తాదని నువ్వే చెప్పినావు కదా. నేనూ చూసినా ఆ బుర్రను. పాఠం రెండుసార్లు చదివి వినిపిస్తే చాలు, పొల్లు పోకుండా అప్పజెప్తాది. లైను కింద వేలు పెట్టి, యాడ ఆగల్లనో ఆడ ఆగి చెప్తాది. చూసేవాళ్లకి చదువుతాందనే అనిపిస్తాది.

నేనూ కొన్నాళ్లు అట్లే అనుకున్యా. ఒకనాడు బోర్డు మీద "పెనుకొండ" అని రాసి చదవమంటే నా మొకం చూసినాది. "ప" ఏదో తెలీదు ఆ పిల్లకి. ఆ పొద్దే అఆల కాడినుంచి మొదలుపెట్టాల్సింది. పెట్టలేదు. నలభైరెండు మంది పిల్లలు, నేనొక్కదాన్నే. ఇంకో టీచరమ్మ ఉండె, ఆయమ్మ మానేసి పోయినంక బదులు ఎవర్నీ ఇయ్యలేదు. పాఠాలు నేనే చెప్పల్ల, జరమొస్తే ఆస్పత్రికి నేనే తీసకపోవల్ల. రేపు కూకోబెడదాం, ఎల్లుండి కూకోబెడదాం అనుకుంటానే ఏడాది పాయ.

సాకులే ఇవన్నీ. నువ్వు అనకపోయినా నాకు తెలుసు.

మార్చిలో తనిఖీ అన్యారు. అంతకు ముందేడు గ్రేడుల్లో మా బడి అన్నిటికన్నా అడుగున ఉండె. ఈసారీ అట్లే వస్తే మూసేసి పిల్లల్ని హిందూపురం బడిలో కలిపేస్తామని చెప్పిపోయినారు. అంత దూరం ఎవరు పంపుతారవ్వా, నువ్వు పంపుతావా? సగంమంది ధర్మవరం మగ్గాల కాడికి పోతారు, తక్కినోళ్లు పరిగి పక్క కూలికి. నిజంగా ఆ పిల్లల గురించే ఆలోచన చేసినా. నా ఉద్యోగం గురించి కూడా.

ఎవరికి ఎంత వచ్చో పేరు పేరునా మేమే రాసి పెట్టుకుంటాము. ఆఫీసరు వచ్చి ఐదుమందితో చదివిచ్చి, మేము రాసింది సరిగా ఉండాదా లేదా చూసుకోవల్ల. "మొదట ఎవరమ్మా?" అన్యాడు. వెన్నెలను లేపితి. పుస్తకం నేనే తీసి, పేజీ నేనే తెరిచి చేతికిస్తి. ఆ పేజీని వారం దినాలుగా పొద్దూ మాపూ చదివి వినిపిస్తా వచ్చినా.

గడగడా చదివేసినాది. చదివేసినాది అని మళ్లీ అంటాండా చూడు, అప్పజెప్పినాది. "గొర్రెలు కాసిన పిల్ల ఇంత బాగా చదువుతాందా" అని ఆయప్పకి శానా సంతోషమైపోయి, తక్కిన నలుగుర్నీ పిలవనే లేదు. టీ తాగి పోయినాడు. మాకు మంచి గ్రేడొచ్చినాది.

అర్థమాయనా అవ్వా? నీ మనవరాలికి చదవడం రాదు. నాకు తెలుసు. తెలిసే రాసినా.

తిట్టు. మీ ఊరి కన్నడంలో తిట్టినా నాకర్థమైతాది.

ఇంకోటుండాది, అదీ చెప్పనీ. ఈడినుంచి పంపించే దినం పెట్టె సర్దుకుని వచ్చి నా ముందర నిలబడినాది. "మేడం, నాకు అక్షరాలు రావు. ఇంకో ఏడు ఈడనే ఉంటా" అన్యాది. పదేండ్లుగా ఈ పని చేస్తాండా, అట్ల నోరు తెరిచి అడిగిన పిల్లను నేను చూడలేదు. ఆ పిల్లను రూములోకి పిలిచి తలుపేసినా. "ఈ మాట బయటికి పోతే బడి మూసేస్తారు, నీ జతగత్తెలంతా కూలికి పోతారు, ఎవరికీ చెప్పొద్దు" అని నా నెత్తిన చెయ్యి పెట్టిచ్చుకున్యా. సరే మేడం అని పోయినాది.

ఏమీ? కొట్టినావా?

దేంతో, మంద తోలే కట్టెతోనా. ఎందుకు చదవవని అడిగి కొట్టినావా. అప్పుడు కూడా చెప్పలేదా? నా పేరు కూడా ఎత్తలేదా?

ఉండవ్వా, కాగితం తీసుకోనీ.

చేర్చుకుంటా. నేను రాసింది తప్పు అని నా చేత్తో రాసిస్తే గానీ ఆ పిల్ల పేరు మళ్లీ ఎక్కదు. రాస్తా, ఇప్పుడే రాస్తా. ఉద్యోగం పోతాదో, బడే పోతాదో, లోపలుండే పిల్లలకి ఏమి చెప్పల్లనో, ఏమీ తెలీదు నాకు.

నువ్వు మాత్రం సాయంత్రం దాకా ఉండొద్దు, వచ్చే బస్సుకే పో. పోయిన వెంటనే ఆ పిల్లకి ఒకటి చెప్పు. మేడం అంతా చెప్పేసినాది, ఇంక నువ్వు దాచిపెట్టాల్సిన పనిలేదు అని చెప్పు.