వణకని చేతులు

ల్యాబులో ఆఖరి ఎలుక గుండెను ఐసుపెట్టెలో పెట్టి, అసిస్టెంటు అమ్మాయి గ్లవుజులు విప్పుకుంది. పెద్ద మేడం రెండు టీలు తెచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

“అయిపోయిందా తల్లీ?”

“అయిపోయింది మేడం. ఒక్కటీ బెదరలేదు. ఆ చెవి తెగినదైతే నా అరచేతిలోనే నిద్రపోయింది, పాపం.”

“అందుకే కదా రోజూ ఒళ్లో పెట్టుకుని నిమరమన్నది! బెదిరిందంటే, గుండె నరాల్లో దాచుకున్న నోరడ్రినలిన్ అనే రసాయనమంతా ఒక్కసారిగా బయటికొచ్చేస్తుంది. మనం కొలిచే దాని మోతాదు అండాశయాలు తీసేసినందుకు మారిందో, ఈస్ట్రోజెన్ హార్మోను ఇచ్చినందుకు మారిందో, ఉత్త భయానికే మారిందో ఇక ఎవడు చెప్పగలడు?”

“బోను తెరిస్తే చాలు, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవి మేడం. చంపేది నేనేనని తెలీక.”

“తెలిస్తే పని చెడుతుంది. కూర్చో, టీ తాగు.”

“ఈమధ్య మీరు నన్నెంత బాగా చూసుకుంటున్నారో! తిన్నావా, నిద్రపోయావా అని అడుగుతున్నారు. ఫోన్లో చెబితే మా అమ్మ మురిసిపోయింది.”

“నీ ఉద్యోగం ఈరోజుతో ఆఖరు. నీ స్థానంలోకి మా మేనకోడలు వస్తోంది. పోయిన నెలలోనే ఖాయం చేసేశాం.”

“పోయిన నెలలోనా? మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం మేడం?”

“ఎలా అనమంటావు? అంటే నీ చేతులు వణికేవి. ఎలుకలు ఇట్టే పసిగట్టేస్తాయి. చల్లారిపోతోంది, తాగు.”