ఆఖరి ప్యాకెట్ పిండి

అతని తల్లి పోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చేసరికి, జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లోని వంటింట్లో భార్య జొన్న, సజ్జ, శనగల పిండిలో కారం, నువ్వులు వేసి రొట్టెలకు కలిపి ఉంచింది. ఫోన్ పెట్టేశాక అతను ఆ ముద్దనే చూస్తూ కూర్చున్నాడు.

“అమ్మ పంపిన పిండేనా?”

“ఆఖరి ప్యాకెట్. మొత్తం కలిపేసిన.”

“పెనం పెట్టు. ఒక్క రొట్టె కాల్చు.”

“మైల కదా. పన్నెండు దినాలు పెనం పెట్టొద్దు. మామయ్య పోయినప్పుడు అత్తమ్మే పెట్టనియ్యలే.”

“ఫ్రీజర్‌ల పెడితే?”

“ఉల్లిగడ్డ ఏసిన. నీళ్లిడుస్తది.”

“మొన్న ఆదివారమే చెయ్యకపోయినవా?”

“చేస్తనంటే పిజ్జా తెప్పించిందెవరు? అమ్మ పిండి యాడికి పోతదని మీరే అన్నరు.”

ఆమె ముద్ద మీద తడిగుడ్డ కప్పింది. అమ్మ పిండితో ఆఖరి రొట్టె కాల్చనేలేదు.