గూని చింతకు పది అడుగులు

కోయిలకుంట్ల బయట వంక పక్కనుండిన చింతతోపు ఇప్పుడు ప్లాట్లయింది. ఆ ప్లాట్లు వేసిన వెంకటరమణయ్యశెట్టి, బోర్లకు నీళ్లుండే తావు చూపే పెద్ద ఈరన్న ఆడ్నే మాట్లాడుకుంటాండారు.

“నాలుగో బోరు గూడ దుమ్మే ఈరన్నా! తడిమట్టి గూడ రాల్యా.”

“చూసినా. నీ తెల్లచొక్కా నిండా అదే.”

“ఎగతాళా? నాలుగు తావులూ నువ్వు చూపించినవే. చెప్పులిడిచి, అరచేతిలో టెంకాయ పెట్టుకోని నడిచి, ‘ఈడ ఏపించు శెట్టీ’ అంటివి.”

“అంటి.”

“నీ అరచేతిలో టెంకాయ నిలువుగా లేచిన తావున నీళ్లు పడకపోవడం లేదంటారే జనం!”

“లేదు.”

“మరి నాకే యాల ఇట్లయితాండాది? ప్లాట్లు కొన్నోళ్లు ఇంటిమీదికొస్తాండారు. ఇంకొక్క తావు చూపియ్యప్పా.”

“చూపిస్తా. చిన్నప్పుడు చెట్టుమీంచి పడి చెయ్యి ఇరగ్గొట్టుకుంటివే, అది ఏ చెట్టు?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“గూని చింత. నువ్వే నన్ను ఈపునేసుకోని ఊర్లోకి మోస్తివి.”

“మోసేముందర?”

“చెలమలో నీళ్లు తాపిస్తివి.”

“మనిద్దరమే ఇసక తోడి చేసిన చెలమ. మండెండల్లో గూడ జానెడు లోతున నీళ్లు. చింతచిగురు కోసే ఆడోళ్లు, మేకలోళ్లు, అందరూ ఆడే తాగుతాండ్రి.”

“అన్నీ గ్యాపకముండాయి లేప్పా.”

“గ్యాపకముండేవోనివి, తోపు కొట్టేదానికొచ్చిన మిషన్లకు నేను అడ్డం పండుకుంటే ‘ఈ ముసలోన్ని ఈడ్చిపారేయండి’ అంటివే.”

“అది... ఏదో కోపంలో...”

“ఈడ్చినారు. మోకాలు ఇంగా నొస్తానే ఉండాది.”

“తప్పే. ‘ఒరే’ అంటే ‘ఒరే’ అనుకున్యోళ్లం. ఇప్పుడు శెట్టీ అంటావు.”

“అప్పుడు తోపుండె.”

“ఈరన్నా, నిజం చెప్పు. ఆ నాలుగు తావుల్లో టెంకాయ లేచిందా?”

“లేవల్యా.”

“లేవకుండానే...?”

“బొటనేలితో నేనే లేపితి. నాలుగు తూర్లూ.”

“ఓరి పాపిష్టోడా! నన్ను నిలువునా ముంచితివే!”

“ముంచేదానికి నీళ్లు యాడివి?”

“మరి నీళ్లు యాడుండాయి? నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పు.”

“ఆపొద్దు నీ కాళ్లు నేనూ పట్టుకుంటి. గూని చింతకు తూర్పున పది అడుగులు. మన చెలమే.”

“గూని చింత యాడుండె? చెట్లన్నీ పాయ, ఏ తావు ఏదో నాకెట్ల తెలుస్తాది?”

“నాకు తెలుసు. ఆ చెలమ మీదనే నువ్వు కొత్తిల్లు కట్టుకుంటివి. ఇప్పుడది సరిగ్గా మీ దేవునింట్లో ఉండాది.”

“మొన్ననే గదా ఇంట్లో దిగితిమి! నా ఇల్లు పగలగొట్టాల్నా?”

“బోరుబండి పోవాలంటే ముందరిగోడ గూడ.”

“పగలగొడితే నీళ్లు పడతాయా? ఒట్టెయ్.”

“ఒట్టెందుకు? ఈ తూరైనా నిజం చెప్పినానో లేదో, పగలగొట్టినంక నీకే తెలుస్తాది లేరా.”