సెలవుకాలానికి సర్వీసు

డాట్‌కామ్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడుతున్న రోజులు. కాకినాడ పాలిటెక్నిక్‌లో జీతం లేని సెలవు పెట్టి సింగపూర్ వచ్చి ప్రోగ్రామరైన శ్యాంసుందర్, హౌగాంగ్ ఫ్లాట్‌లో అప్పుడే ఫోన్ పెట్టేసి, బట్టలు మడతపెడుతున్న భార్య నళిని వైపు చాలా రోజుల తర్వాత హుషారుగా తిరిగాడు.

“కొనుక్కోవచ్చట నళినీ!”

“ఏంటి?”

“సర్వీసు! మా కాలేజీ క్లర్కు కేశవరావుగారే చెప్పారు. సెలవుకాలానికి పెన్షన్ వాటా నేనే కట్టేస్తే, ఇక్కడున్న మూడేళ్లూ కాకినాడలో పాఠాలు చెప్పినట్టే లెక్కట.”

“చెప్పకుండానే?”

“అక్కడున్నప్పుడు మాత్రం ఏం చెప్పాను? బోర్డు వైపు తిరిగి నాతో నేనే మాట్లాడుకునేవాణ్ణి.”

“ఇప్పుడెందుకండీ, ఉన్నట్టుండి?”

“ఊరికే.”

“ఊరికేనా?”

“అంటే... మా తంజోంగ్ పగార్ ఆఫీసు... నెలాఖరుకి ఎత్తేస్తున్నారు.”

“తెలుసు.”

“తెలుసా! ఎలా?”

“వారం నుంచీ ఆఫీసు కాఫీ కప్పులు ఒక్కొక్కటే మనింటికి వస్తున్నాయి.”

“పారేస్తున్నారంటేనూ... సరేలే. కాకినాడ కాలేజీ వీడ్కోలు సభలో నేనేం కూశానో గుర్తుందా?”

“సుద్దముక్కల మధ్య మీరంతా ముసలాళ్లైపోండి, ప్రపంచాన్ని కాపాడ్డానికి నేను వెళ్తున్నా అన్నారు.”

“ఏం కాపాడాను? వైటూకే అంటూ కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేశాను. జనవరి ఒకటిన ప్రపంచం ఎప్పట్లాగే లేచి పళ్లు తోముకుంది. నా అవసరం తీరిపోయింది.”

“ప్రిన్సిపాల్‌గారు చప్పట్లు కూడా కొట్టారు.”

“పీడ విరగడైందని! ఇప్పుడు మళ్లీ ఆయన గుమ్మంలోనే నిలబడి, మూడేళ్ల సర్వీసు ఇప్పించండి సార్ అనాలి, వంకాయలు బేరమాడినట్టు.”

“మరి నా సర్వీసు?”

“నీదా? నీది... నీది రాజీనామా కదా. సెలవైతే కొనుక్కోవచ్చు గానీ...”

“ఎవరిమ్మన్నారు రాజీనామా?”

“నేనే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పదిలంగా ఉంటే చాలన్నాను.”

“ఆ ఒకరు మీరు.”

“నేనే. అంత ముందుచూపు మరి! అయినా నా పెన్షన్ మనిద్దరిదీ కాదూ?”

“పెళ్లికి ముందు నుంచీ హైస్కూల్లో లెక్కలు చెప్పానండీ. పిల్లల వైపు తిరిగే చెప్పాను.”

“తప్పే. పెద్ద తప్పే. అక్కడికెళ్లాక ఏదైనా ప్రైవేటు స్కూల్లో నీ గురించి అడుగుతాలే. ముందు రెండు టికెట్లు...”

“ఒకటి చాలు.”

“ఒకటేంటి?”

“నేను ట్యూషన్ చెప్పే పిల్లలున్నారే, వాళ్ల స్కూల్లో నన్ను లెక్కల టీచరుగా తీసుకున్నారు. మొన్న శుక్రవారం ఖాయం చేశారు.”

“శుక్రవారమా! నాతో అనలేదేం?”

“మీరు ఆఫీసు సంగతి చెప్తారేమో, అప్పుడు చెబుదామని చూశాను.”

“బాగుంది. చాలా బాగుంది. కానీ నళినీ, నా ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే నా పాస్ పోతుంది. దాంతోపాటు నా డిపెండెంటుగా నీకిచ్చిందీ...”

“నాది పోదు. స్కూలువాళ్లు నా పేరు మీదే వేరే పాస్ పెడుతున్నారు.”

“మరి నేను?”

“అదే అడుగుదామని కూచున్నా. రేపు పొద్దున్నే పాస్ దరఖాస్తు ఇచ్చెయ్యాలి. కాకినాడెళ్లి సర్వీసు కొనుక్కుంటారా, లేకపోతే నా డిపెండెంటు అని మీ పేరు రాసెయ్యమంటారా?”