పొయ్యి రూలు ఎవరు చెప్పిండ్రు?

గట్ల గాదు బిడ్డా, నాకు తిప్పి తిప్పి చెప్పకు. నేను అడిగేది ఒక్కటే మాట. గా పొయ్యి రూలు నీకు ఎవరు చెప్పిండ్రు?

కూసుంట తియ్, కూసుంట. నయాపూల్ దాంక ఆటోల వచ్చి కోర్టు ముంగట దిగిన. చూస్తే టైపింగ్ దుకాన్లు అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి. ఏడు దుకాన్ల అడిగిన. "ఫోన్ల పచ్చీస్ ఆట చేసిన పిల్ల ఏడ కూసుంటది?" అంటే ఒకాయన నవ్విండు. ఇంకొకాయనైతే "బెయిలు ఎవరికమ్మా?" అన్నడు. గిట్లుంది నా బతుకు.

నన్ను గుర్తువట్టలేదా? సుగుణమ్మను. అగో, ఇప్పుడు కండ్లు పెద్దగ జేస్తున్నవ్! నీ ఆట కింద నలభై సార్లు రాసిన సుగుణమ్మను నేనే. గవ్వల సప్పుడు రేకుడబ్బల రాళ్లేసినట్టుంది అని రాసింది నేనే. అక్షరాలు చీమలంత ఉన్నయి, ముసలోళ్లు ఆడొద్దా అని లొల్లి పెట్టింది గూడ నేనే.

నువ్వు మాట ఇన్నవ్, కాదంటలేను. అన్నీ సక్క జేసినవ్. పైస తీస్కోకుంట, నడుమ నడుమ సబ్బులు అమ్మకుంట, పచ్చీస్ మీద ఇష్టంతోని ఒక్కదానివే చేసినవంట గదా. మా కోడలు కీర్తిప్రియ జెప్పింది. అదే నా ఫోన్ల ఎక్కిచ్చింది, "అత్తమ్మా, టీవీ చూసుడు బందు పెట్టి ఇది ఆడు" అని.

గానీ పోయిన శుక్రారం పొద్దుగాల ఫోన్ తెరిస్తే కొత్త బొమ్మ. పొయ్యి బొమ్మ! దాని కింద నువ్వు రాసినవ్. "వంటింట్ల పని పడితే పొయ్యి నొక్కండి. మీరు తిరిగొచ్చే దాంక మీ కాయను ఎవ్వరు చంపొద్దు, పటం ముట్టొద్దు" అని.

నా చేతుల చాయ్ గట్లనే చల్లగైపాయె.

ఎందుకంటవేంది? అది ఏ పుస్తకంల లేదు బిడ్డా. ఈ షహర్ల ఏ గల్లీల ఎవ్వరు ఆడినా గీ రూలు ఉండదు. గది పుట్టింది మా మిద్దె మీద. ఇద్దరికే ఎరుక. ఇద్దర్ల ఒకదాన్ని నేను. నేనైతే నీకు చెప్పలే.

ఎవరో ఆడేటామె సలహా పంపిందా? ఎవరో అంటే? మనిషికి పేరుండదా?

జర ఆగు, నీళ్లు తాగనియ్.

ముందుగాల నాకు మా ఆయన మీద అనుమానమొచ్చింది. ఇత్తడి సామాన్ల దుకాన్ల కూసొని వచ్చినోళ్లకల్ల ఇంటి ముచ్చట్లు జెప్తడు. గానీ పాపం ఆయనకు గవ్వ బోర్లా పడ్డదో ఎల్లకిల పడ్డదో గూడ తెల్వది. తర్వాత మా మరిది పెండ్లాం, మా యారాలు మీద వచ్చింది. అది అప్పడాలు ఎండవెట్ట వస్తుండె మిద్దె మీదికి, చెవులు గోడ దిక్కే ఉంటుండె దానికి. ఫోన్ జేసి అడిగితే "అక్కా, నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా?" అన్నది. ఇగ ఫోన్ మీదనే వచ్చింది అనుమానం. మనం మాట్లాడేటివన్ని ఇంటదంట గదా ఇది? నిద్రల నేనేమన్న వాగిననా అని మూడు దినాలు దాన్ని వంటింటి డబ్బల వెనక పెట్టి పండుకున్న.

నవ్వకు. నీ మీద గూడ వచ్చింది మరి. తహ్రీమ్ అని నీ పేరు చూసిన గదా, ఆమెకు చుట్టమైతవా అనుకున్న. మలక్‌పేటల ఎవరన్న ఉన్నరా మీకు? లేరా? ఒట్టు? సరే తియ్, నమ్ముతున్న.

ఎవరామె అంటే... రఫియా.

మా మిద్దెకూ వాళ్ల మిద్దెకూ నడుమ ఒకటే గోడ. నడుము ఎత్తు, మూరెడు వెడల్పు. దాని మీద పచ్చీస్ పటం పరిస్తే సరిగ్గ పట్టేది. ఆ దిక్కు ఆమె, ఈ దిక్కు నేను. మగోళ్లు తిని దుకాన్లకు పోయినంక ఎక్కుతుంటిమి. కింద ఇద్దరివీ పొయ్యిలు మండుతుండె. నాకు పప్పు, ఆమెకు పాలు. పచ్చీస్ పడి మంచిగ ఆట మీదున్నప్పుడే కింద ఏదో ఒకటి పొంగుతది! పోయొచ్చేసరికి రెండో ఆమె కాయ చంపి కూసుంటే ఊకుంటమా? రోజు లొల్లే. గప్పుడు రఫియానే అన్నది, "సుగుణా, పొయ్యి కాడికి పోయినదాన్ని చంపుడు పాపం" అని. ఇగ అదే రూలు. "పొయ్యి మీదుంది" అని ఒక్క మాటని ఉరికితే చాలు. వచ్చే దాంక పటాన్ని గాలి గూడ ముట్టొద్దు. పందొమ్మిదేండ్లు నడిచింది గా రూలు.

ఇప్పుడు నీ ఆటల దానికేం గతి పట్టిందో చూస్తున్నవా? ఒకడు అడుగుతడు, చాయ్‌కు వర్తిస్తదా అని. ఒకడు కరెంటు పొయ్యికి నడుస్తదా అంటడు. జిందగీల అగ్గిపుల్ల గీయనోళ్లు గూడ ఓడిపోయేటప్పుడు టక్కున పొయ్యి నొక్కుతున్నరు! నువ్వేమో ఓపికగ ఒక్కొక్కరికి జవాబు రాస్తున్నవ్. వాళ్లతోని నాకు ఫికర్ లేదు.

నా లొల్లంత గా "మిద్దెగోడ" తోని. గా పేరు మీద వచ్చిన ప్రశ్న ఉన్నది చూడు, తియ్యి. వద్దు తియ్యకు, నాకు నోటికొస్తది. "ఒకామె పొయ్యి కాడికి పోయినప్పుడు రెండో ఆమె కాయ జరిపితే ఏం శిక్ష? పదకొండేండ్ల తర్వాత అడగొచ్చునా?"

చదివినవ్ గదా? ఇది ఆట ముచ్చటనా? ఆటల పదకొండేండ్లు ఎక్కడివి? దాని కింద అరవై మంది పంచాయితి పెట్టిండ్రు. నువ్వు గూడ రాసినవ్, ఆదివారం జవాబు చెప్తా, అదే పక్కా రూలైతది అని. రేపే ఆదివారం. అందుకే వచ్చిన. ఆ ప్రశ్న తీసెయ్యి బిడ్డా. జవాబు రాయకు. ఊరు పేరు తెల్వనోళ్లు ఏదో అడుగుతరు, అన్నిటికి రూలు రాస్తవా? ఎవరు జరిపిండ్రో, అసలు జరిపిండ్రో లేదో ఎవరికి ఎరుక? ఆమెనే లెక్క తప్పి ఉండొచ్చు. ఆమెనే అబద్ధం...

ఏంది గట్ల చూస్తున్నవ్?

కంప్యూటర్ ఎందుకు నా దిక్కు తిప్పుతున్నవ్?

...నీకు గట్ల గూడ కనవడ్తదా? పేరు మార్చి రాసినా? మా కోడలి ఫోన్లకెల్లి రాసినా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టాయె నా పని.

అవు. గా ప్రశ్న కింద నేనే రాసిన. "ఇన్నేండ్లు గుర్తు పెట్టుకున్న మనిషే అబద్ధమాడుతుండొచ్చు" అని రాసింది నేనే. పదిమంది బొటనవేలు పెట్టిండ్రు దానికి, బాగ చెప్పినవని. చూసి సంబరపడ్డ గూడ. సిగ్గు లేకుంట.

దానికి మిద్దెగోడ ఏం జవాబిచ్చిందో చూసినవ్ గదా. రెండే మాటలు. "ఠీక్ హై."

ఆ రోజు గూడ గంతే అన్నది మరి.

చెప్త. దర్వాజ జర దగ్గరికెయ్యి. ఎయ్యకున్నా మంచిదే, వినేటోళ్లు వినని. అప్పుడు గల్లీ అంత విన్నది గదా.

ఆ వారమంత ఆమెనే గెలుస్తుండె. ఎనిమిది ఆటలు వరుసగ. మా యారాలు అప్పడాలు తిరగేసుకుంట నవ్వుతుండె నన్ను చూసి. తొమ్మిదో ఆట. రఫియాది ఆఖరు కాయ, ఇంకా మూడు గళ్లుంది పండనీకి. నాకు కడుపుల మంట. గప్పుడే అన్నది, "సుగుణా, పొయ్యి మీదుంది" అని. ఉరికింది కిందికి. యారాలు గూడ దిగిపోయింది. మిద్దె మీద నేనొక్కదాన్నే, పటం ఒక్కటే.

మూడు గళ్లు ఎనుకకు జరిపిన. సరిగ్గ నా కాయ ముంగటికి. ఒక్క ఏలుతోని. ఎంత సేపు బిడ్డా, ఒక్క ఏలు!

ఆమె వచ్చింది. చేతుల గిన్నె. నీలి అంచు పింగాణీ గిన్నె. అండ్ల కద్దూ ఖీర్, సొరకాయ పాయసం. నాకిష్టమని, మా అత్తకు తెల్వకుంట గోడ మీదికెల్లి ఇస్తుండె ఎప్పుడూ. ఆ పొయ్యి మీద ఉన్నది నా కోసమే అన్నట్టు. గిన్నె గోడ మీద పెట్టింది, పటం చూసింది. నవ్వింది. కోపానికి రాలే బిడ్డా, నవ్వింది! "ఏందే సుగుణా, నా కాయకు కాళ్లొచ్చినయా?" అన్నది.

నేను గూడ నవ్వి "దొరికిపోయిన పో" అంటే అయిపోతుండె. గంతే ఉండె ముచ్చట. గానీ నేనేం జేసిన? లేచి నిలబడ్డ. నన్ను దొంగ అంటున్నవా అని మొత్తుకున్న. నువ్వే అబద్ధమాడుతున్నవన్న. కింద ఆమె అత్త ఉన్నది, గల్లీల జనం తలకాయలెత్తి చూస్తున్నరు. అందరు ఇనంగ అన్న ఆ మాట.

ఏ మాటనా? "మీ వాళ్లను నమ్మొద్దని మా అత్త ఊకెనే అన్లే" అన్న.

నీ మొఖం మారింది. మారాలె. అప్పుడు ఆమె మొఖం గూడ గిట్లనే మారింది. నువ్వు ఏమన్న అను బిడ్డా, తిట్టు, పడత. ఇందాక నీ పేరు చూసి నీ మీద అనుమానపడ్డ అని మంచిగ నవ్వుకుంట చెప్పిన గదా? గా రోగమే ఇది. ఇంక పోలే చూడు.

రఫియా గవ్వలు ఏరి నా దిక్కు పెట్టింది. "ఠీక్ హై, సుగుణా" అన్నది. దిగిపోయింది. మల్ల మిద్దె ఎక్కలే. బట్టలు గూడ కింద ఆకిట్లనే ఆరేసుకున్నది. ఏడాది తిరగకముందే ఇల్లు ఖాళీ జేసి మలక్‌పేటకు పోయిండ్రు. సామాన్ల బండి కదులుతుంటే నేను కిటికీ రెక్క సందులకెల్లి చూసిన. ఆమె ఒక్కపారి గూడ తలకాయ ఎత్తలే.

గిన్నె నా దగ్గర్నే ఉండిపోయింది. తెల్సు గదా, ఇరుగుపొరుగోళ్ల గిన్నె ఖాళీగ తిరిగి ఇయ్యొద్దు. మీ ఇండ్లల్ల గూడ గంతే గదా? ఏదన్న పోసి ఇయ్యాలె. ఏం పోసియ్యాలె నేను? ఏ మొఖం పెట్టుకొని పోసియ్యాలె? ప్రతి పండుగకు తీసి కడుగుత, తుడిచి మల్ల లోపట పెడత. మా కోడలు అనుకుంటది, అత్తమ్మకు అదేదో లక్ష్మి గిన్నె అని.

ఇగో, సంచిల ఉన్నది. చూడు. అంచు జర కూడ పగల్లేదు.

నాకు ఆమె నంబర్ ఇయ్యవా? ఇయ్యవు. ఆడేటోళ్ల నంబర్లు ఎవ్వరికి ఇయ్యనని ఒట్టు పెట్టుకున్నవా? మంచిదే. నా లాంటోళ్లకు ఇయ్యకుండుడే మంచిది.

అయితే ఒక పని జెయ్యి. నీది టైపింగ్ దుకానమే గదా? దినాం గింత మంది వచ్చి ఒట్టేసి చెప్తే కాయితం మీద కొడ్తవ్ గదా? నాది గూడ కొట్టు. గా ప్రశ్న కిందనే పెట్టు, అరవై మంది చూసే కాడ. ఆడ అబద్ధం అన్న, ఆడనే చెప్పాలె.

రాయి. పదకొండేండ్ల కింద రఫియా పొయ్యి కాడికి పోయినప్పుడు కాయ జరిపింది నేనే. మూడు గళ్లు. రఫియా లెక్క తప్పలే. అబద్ధమాడింది నేను. అందరు ఇనంగ అన్న మాట గూడ తప్పే, అది కాయ జరిపినదానికన్న పెద్ద తప్పు. నేను అన్న కాడికి రాయి, నున్నగ జెయ్యకు.

రాసినవా? ఆట రఫియాది అని రాయి. కాయ ఎక్కడుండెనో నాకు గుర్తే, పండనీకి మూడు గళ్ల ఇవుతల. గప్పటిసంది గవ్వలెయ్యవలసింది ఆమెనే.

కింద... కింద గిన్నె సంగతి రాయి. నీ గిన్నె భద్రంగ ఉన్నది, ఖాళీగ పంపలేక పెట్టుకున్న, ఏం పోసియ్యాల్నో నువ్వే చెప్పు అని. చెప్పకుంటే? చెప్పకుంటే గంతే మరి. ఉప్పు తిన్నదాన్ని నీళ్లు తాగాలె.

పేరా? ఆటల పేరు గాదు, కోడలి ఫోన్ గాదు. సుగుణమ్మ అని పెట్టు.

ఏంది? సంతకం ముంగట ఒకపారి చదివి వినిపియ్యాల్నా? అందరికి గదే రూలా?

నాకు వద్దు బిడ్డా. పదకొండేండ్ల సంది దినాం చదువుకుంటనే ఉన్న. నువ్వు పంపు.