తడిసిన బొగ్గులు

అశోక్ నగర్‌లో ఒక అద్దె ఇల్లు. జూలై ముసురు. మధ్యాహ్నం రెండు దాటింది. గడప బయట తడిసిన గంపతో కురుమమ్మ, షాద్‌నగర్ అవతల ఒక పల్లె బడిలో వంటమనిషి. గడప లోపల హైమవతి, ఆ బడి పంతులమ్మ దమయంతిని కన్నతల్లి. మనిషిని చూసిన దగ్గర్నుంచీ ఆమె ప్రాణం ప్రాణంలో లేదు.

“ముందు ఒక్క మాట చెప్పు. మా దమయంతి బాగుందా?”

“మంచిగున్నదమ్మా, రాయి లెక్కున్నది. జర గంప దించనియ్యుండ్రి.”

“ఈ ఉద్యమం గొడవల్లో బస్సులు తగలబెడుతున్నారట. ఎలా వచ్చావు?”

“బస్సు మంచిగనే వచ్చింది. నారాయణగూడల దిగి, పంతులమ్మ రాసిచ్చిన ఇంటి నంబరు అందరికి చూపెట్టుకుంట వచ్చిన.”

“అది రాకుండా నిన్ను పంపిందేం? మీరిద్దరూ ఏదో దాస్తున్నారు.”

“బడి ఇడిచిపెట్టి ఎట్ల వస్తదమ్మా? నేను ఇటొస్తే ఆమెనే పొయ్యికాడ కూసున్నది ఇయ్యాల.”

“పొయ్యి దగ్గరా! ఇంట్లో గిన్నె దించమంటే చేతులు కాల్చుకునేది.”

“ఇప్పుడు మంచిగ వండుతది. నేనే నేర్పిన.”

“నువ్వు నేర్పావా.”

“అవునమ్మా. ఇదిగో, బడి తోటల తోటకూర. మూడో తరగతి పిల్లల మడిది. మీకని తెచ్చిన. పంతులమ్మ ఆ మడికాడనే నిలబెట్టి లెక్కలు చెప్తది, జానకొక ఇత్తు పెడితే బారకెన్ని అని. కోసింది కోసినట్టు పగటి ఉప్మాల పడ్తది. పోయినేడు రేచీకటితోని పొద్దుగూకితే గోడలు తడుముకున్న పోరగాండ్లు, ఈ కూర తిని ఇప్పుడు సుక్కలు లెక్కపెడుతున్నరు.”

“తోటకూరా? పద్దెనిమిదేళ్లు కంచంలో వేస్తే, పద్దెనిమిదేళ్లూ అంచుకి తోసేసింది.”

“నాకాడ మారు పెట్టిచ్చుకుని తింటది.”

“ఏం వేస్తావేం అందులో?”

“ఏమున్నదమ్మా, ఎల్లిపాయ కారం.”

“మా ఇంట్లో వెల్లుల్లి లేక కాదు! వారానికో ఉత్తరం రాస్తుంది. విప్పితే అందులో నువ్వే. కురుమమ్మ నారు పోసింది, కురుమమ్మ మునగాకు దూసింది, కురుమమ్మ తలంటింది. చివర్న ‘నువ్వు జాగ్రత్త అమ్మా’ అని ఒక్క ముక్క. సరే, వచ్చిన పని చెప్పు.”

“పది దినాల కింద టపాల ఒక కవరు పంపింది గదమ్మా. చిక్కడపల్లిల సులోచనమ్మగారి ఆడోళ్ల సంఘానికి ఇయ్యుమని.”

“ఏ కవరు?”

“పెద్దది, పసుపుపచ్చది. సంఘమోళ్లు ఒక్క ఊరి బడికి పైసలిస్తరట. తోటకు కంచె, బాయికి గిరక, ఇత్తనాలు, ఒక మనిషికి ఏడాది జీతం. మీరు చేత్తోని ఇస్తే మాటకు బరువుంటదని మీకు పంపింది. నిన్న పెద్దసారు షాద్‌నగర్ పోయి ఫోను చేస్తే, మీ కాయితం రాలేదన్నరట. ఇయ్యాల నాలుగింటికే ఆఖరు.”

“కంచె వేస్తారు, బావి బాగుచేస్తారు. ఇక నా పిల్ల అక్కడే వేళ్లు తన్నుకుంటుంది.”

“ఏమన్నరమ్మా?”

“ఏం లేదు. టపా అన్నాక ఏం నమ్మకం? ఎక్కడైనా పోయుంటుంది.”

“అట్లనకుండ్రి. సర్పంచి దస్కతు కోసం నేను, పంతులమ్మ మూడు దినాలు ఆయన గట్టు మీద కూసున్నం. మళ్ల రాయాల్నంటే అయ్యేపని కాదు.”

“మూడు రోజులా! ఎండలోనా?”

“వానల. అందుకే గదా జరమొచ్చింది.”

“జ్వరమా? ఎవరికి?”

“అయ్యో, నోరు జారిన. చెప్పొద్దన్నది.”

“నా మీద ఒట్టు కురుమమ్మా. ఎన్నాళ్లు? ఎంత కాసింది? నాకు కార్డు ముక్క రాయలేదేం?”

“నాలుగు దినాలే. తగ్గిపోయింది. మీరు బెంగపడ్తరని రాయలే. నేను పక్కనే ఉన్న గదా. తడిబట్ట ఏసిన, జావ తాగిపిచ్చిన, చిక్కులు తీసి జడేసిన. కాకకు అమ్మా అమ్మా అని ఒకటే కలవరిచ్చుడు.”

“అంటే?”

“నేను ‘ఓ’ అన్న.”

“నువ్వు పలికావా? కన్నదాన్ని నేనిక్కడ బతికుండగా, నువ్వు పలికావా!”

“ఎవరో ఒకరు పలకాలె గదమ్మా.”

“అవును. పలకాలి. బాగా తడిసిపోయావు. కూర్చో, కాఫీ పెట్టుకొస్తాను.”

“కాఫీ వద్దు, కవరు జర...”

“చూస్తానంటున్నానా! కూర్చో. అక్కడే, గడప దగ్గర.”

“అమ్మా! లోపల నుంచి పొగొస్తున్నది.”

“బొగ్గులు తడిసి ఏడుస్తున్నాయి. కుంపటి రాజుకోవడం లేదు.”

“నేనొచ్చి ఊదన్నా?”

“వద్దు! నా వంటింట్లోనైనా నన్ను ఉండనీ.”

“ఇంత కాయితం పెట్టుండ్రమ్మా. అంటుకుంటది.”

“పెడుతున్నాను.”

“ఆఁ, అంటుకున్నట్టున్నది. పొగ తగ్గింది.”

“ఇదిగో, వేడిగా ఉంది, చూసుకో. తాగాక ఆ గ్లాసు కడిగి బోర్లించు.”

“అబ్బ! పానం లేచొచ్చింది. పంతులమ్మ చెప్తనే ఉంటది, మా అమ్మ కాఫీ, మా అమ్మ కాఫీ అని. నిజం చెప్పాల్నంటే అమ్మా, మీరంటే నాకు కడుపుమంట.”

“నీకా? నేనంటేనా?”

“మరేంది? వంకాయ ఎంత మంచిగ చేసినా మా అమ్మ చేసినట్టు లేదంటది. తల దువ్వుతే మా అమ్మ చెయ్యి మెత్తగుంటదంటది. ఆ జరంల నేను ఓ అంటిని గదా? కండ్లు తెరిచి చూసి, ‘నువ్వు కాదు పెద్దమ్మా, మా అమ్మ’ అని గోడ దిక్కు మర్లింది. ఆ పొద్దు నాకు బువ్వ దిగలే.”

“అలా అందా?”

“అన్నది. అయ్యో, ఏడుస్తున్నరా?”

“పొగ. ఇంకేమంది? చెప్పు.”

“ఇంకోటున్నది గని, చెప్పొద్దన్నది. సంఘమోళ్లు సరే అన్నంక చెప్పుదమన్నది. ముందుగాలనే చెప్పి, పని కాకుంటే మా అమ్మ తట్టుకోదన్నది.”

“ఏమిటది? ఏం చేసుకుంది? ఆ ఊళ్లో ఎవరినైనా...”

“ఛీ ఛీ, గదేం కాదమ్మా! నారాయణగూడల ఒక బడిల కొలువు మాట్లాడుకున్నది. మీ ఇంటినుంచి నడిచిపొయ్యేంత దూరమేనట. పెద్దసారేమో, తోట చూసుకుంట పిల్లలకు నేర్పే మనిషి దొరికితేనే ఇడిచిపెడ్త అన్నడు. జీతం లేంది నేనెన్ని దినాలని చేస్త? నాట్లకు పోకుంటే నా ఇల్లు గడవదాయె. అందుకే ఆ కవర్ల రాసింది, ఆ ఏడాది జీతం కురుమమ్మకియ్యుండ్రి, పనంత ఆమెకు వచ్చు అని. అదొస్తే దసరాకు పెట్టె సర్దుకొని మీకాడికొస్తది. మళ్ల పోదు.”

“మళ్లీ పోదా?”

“పోదు. నేనే ఏడ్సుకుంట కూసుంట ఆడ. మీరు కవరు విప్పి చూడలేదా అమ్మా?”

“లేదు. సంఘం పేరు రాసి అంటించి ఉంది. విప్పితే ఏం వార్త బయటపడుతుందోనని భయం.”

“అంటే వచ్చిందన్నట్టే గదా! నా తల్లే! గడియారమెంతయింది?”

“మూడున్నర.”

“సంఘం ఎంత దూరం?”

“నాలుగు సందులు.”

“అయితే ఉరికిపోయి ఇచ్చొస్త. జర ఎతకుండ్రి. బియ్యం డబ్బా కింద చూడుండ్రి, దేవుని గూట్ల చూడుండ్రి.”

“వెతకక్కర్లేదు.”

“యాడుందో యాదికొచ్చిందా?”

“ఆ గ్లాసులో ఇంకా ఏమైనా ఉందా?”

“అడుగున గుక్కెడున్నది. ఎందుకమ్మా?”

“తాగెయ్యి కురుమమ్మా. ఆ కాఫీ, ఆ కవరు మంట మీదే కాచాను.”