గదిలో ఇంకో మనిషి

లేదు సార్, ఇప్పుడు కూడా ఒక్కదాన్నే లేను. ఉన్నమాటే చెప్తున్నా. పిల్ల ఒళ్లో ఉంది, దాన్ని మనుషుల లెక్కలో వేస్తారో వెయ్యరో నాకు తెలీదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఫోన్లో మీకూ వినపడుతోందిగా, ఇక దాచేదేముంది?

ఆ ఫొటో చూశాను. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పౌరసత్వ పరీక్ష రాస్తుంటే దాని కెమెరా దానంతటదే తీసిందన్నారు, సరే. నా భుజం వెనక ముసుగు అంచు, ఒక ముసలి చెయ్యి, చేతిలో జపం చేసుకునే తస్బీ పూసలు. ఆ చెయ్యి నాకు జవాబులు చెప్పిందంటారు మీరు. సార్, ఆ మనిషికి ఇంగ్లీషులో వచ్చినవి మూడే ముక్కలు. గుడ్, బస్, టూ మచ్.

మరి టిక్ ఎందుకు పెట్టావంటారా? పరీక్ష మొదట్లో గదిలో నువ్వొక్కదానివే ఉన్నావా అని కంప్యూటర్ అడిగింది, పెట్టాను. అబద్ధమాడుతున్నానని నాకు తోచనే లేదు. మా సొమాలీల్లో బాలింతని నలభై రోజులు ఒంటరిగా వదలరు. పక్కన ఒక పెద్దావిడ ఉంటుంది. మంచం ఉన్నట్టు, దుప్పటి ఉన్నట్టు ఉంటుంది. దాన్ని ఇంకో మనిషి ఉండటం అని మేం అనుకోం. మీకెలా చెప్పాలో తెలీడం లేదు.

వాయిదా అడగాల్సింది, అవును. పిల్ల నెల ముందే పుట్టేసింది. నాకిచ్చిన గడువేమో ముంచుకొచ్చింది. అడిగితే నా కాగితాలు ఎక్కడ అడుక్కి పోతాయోనని భయమేసింది. మా అక్క నైరోబీలో ఉంది సార్. చూసి పదకొండేళ్లయింది. శరణార్థి కాగితం పట్టుకుని వస్తానంటే అక్కడివాళ్లు వీసా ఇచ్చేది లేదన్నారు. కెనడా పాస్‌పోర్టు వస్తే తప్ప దాని మొహం చూడలేను. దానికి ఊపిరితిత్తుల జబ్బు, ఎన్నాళ్లుంటుందో దేవుడికే తెలియాలి. అందుకే పచ్చి బాలింతనైనా కూర్చుని రాశాను.

చదవలేదనుకుంటున్నారా? కడుపుతో ఉన్నప్పుడు సంబూసాలు, అదే మా సమోసాలు, చుట్టుకుంటూ ఆ పరీక్ష పుస్తకమంతా ఫోన్లో పెట్టుకుని విన్నాను. మా ఆయన లారీ తోలతాడు, వారాల తరబడి రోడ్డు మీదే, అక్కణ్ణుంచి ఫోన్లో ప్రశ్నలడిగేవాడు. రాజు ఈ దేశంలో ఉండడు, సముద్రం అవతల ఉంటాడు, అయినా ఆయనే రాజు అని నేను వల్లిస్తుంటే ఈ పెద్దావిడ నవ్వేది. "ఇందులో వింతేముందే, నా మొగుడూ అంతేగా. ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు, ఇంటిపెద్ద మాత్రం ఆయనే" అనేది. అడగండి సార్, ఏ ప్రశ్నయినా ఇప్పుడే అడగండి. పిల్లని ఊపుతూ చెప్తాను.

ఆవిడ ఏదో గొణిగిన మాట నిజమే. పిల్ల కదిలితే చల్లగా ఉండాలని దువా చదివింది. ఓటుహక్కు ప్రశ్న దగ్గర నేను ఆగిపోతే, "జావ తాగవే, చల్లారిపోతోంది" అంది. అదీ సాయమే అంటే రాసుకోండి.

మళ్లీ రాయనిస్తారా? రాస్తాను సార్, నలభై తీరాక ఒక్కదాన్నే కూర్చుని రాస్తాను. ఏంటి... ముందు పేరు చెప్పాలా? ఆవిడ పేరు మీకెందుకు?

ఆవిడ కాగితాలు కూడా మీ ఆఫీసులోనే ఉన్నాయనుకోండి. మోసానికి సాయం చేసిందని ఆ పేరు పక్కన ఒక్క ముక్క పడితే ఏమవుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు.

మగవాళ్లతో చెప్పే మాటలు కావివి, అయినా చెప్తాను. నాకిది తొలి కాన్పు కాదు. ఈ ఎడ్మంటన్ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలోనే ఒక కొడుకు పుట్టాడు. అప్పుడు నాకిక్కడ ఎవరూ లేరు. మా ఆయన రోడ్డు మీద. నిజంగానే గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను సార్, మీ టిక్కుకి సరిగ్గా సరిపోయేలా. నెత్తురు ఆగలేదు. కళ్లు తిరిగి పడిపోయాను. పిల్లాడు ఎంతసేపు ఏడ్చాడో నాకు తెలీదు. కింద వాటాలో ఉండే ఈవిడ ఆ ఏడుపు ఆగిపోవడం విని పైకొచ్చి తలుపు పగలగొట్టించింది. అప్పటికి ఆవిడెవరో కూడా నాకు తెలీదు. నేను బతికాను. వాడు బతకలేదు.

ఈసారి నాకు నొప్పులు మొదలవకముందే చాప తెచ్చి నా గదిలో పరుచుకుంది. పరీక్ష ఉంది, బయటికి పొమ్మని ఆవిడతో అనమంటారా? కెమెరా చూస్తూ ఉంటుందిలే, నువ్వక్కర్లేదని చెప్పమంటారా? నేను పడిపోతే కెమెరా లేపుతుందా సార్?

పేరు లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారా. సరే. అక్కతో నేనే చెప్పుకుంటాను, ఎలాగో.

ఆగండి, పెట్టెయ్యకండి. ఆ పేరు రాసే ఖాళీలో ఏదో ఒకటి ఉండాలిగా. మా అమ్మ అని రాసుకోండి.

చనిపోయిందని నా కాగితాల్లోనే ఉందా? ఉంటుంది, నాకు ఏడేళ్లప్పుడు పోయింది. గదిలో ఉన్నది కూడా మా అమ్మే. రెండిట్లో ఏది అబద్ధమో మీరే తేల్చుకోండి సార్, నా పిల్ల లేచింది.